రంగు కింది కొయ్య

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలతో చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రెండు నెలలూ పడవలు ఒడ్డెక్కుతాయి. యానాం దగ్గర గోదావరి పాయల్లో చూసినా, పూరీలో తెలుగు జాలరులుండే తీరాన చూసినా, చెన్నై రేవుల్లో చూసినా అప్పుడు కనిపించే దృశ్యం ఒక్కటే. బోర్లించిన పడవలు, రంగు డబ్బాలు, కుంచెలు. నీలం, ఎరుపు, పసుపు రంగుల్లో పడవలన్నీ పెళ్ళికి ముస్తాబైనట్టు ఉంటాయి.

ఈ సందడిలో ఒక మూలన ఎప్పుడో తెరచాపతో నడిచిన పాత కర్రపడవ ఒకటి పడి ఉండవచ్చు. దానిని చూసి ఎవరో ఒకరు "దీనికీ రెండు పూతలు వేస్తే కొత్తదైపోతుంది" అంటారు. వినడానికి ఆ మాట బాగానే ఉంటుంది. కాని పాత పడవకు చాలాసార్లు చేటు తెచ్చేది ఆ మాటే. పడవకు రంగు వేయడం అవసరమే. అయితే రంగు వేయడం పనిలో చివరి మెట్టు, అన్నిటికన్నా తేలికైన మెట్టు. దానికి ముందు చేయవలసిన పనిని వదిలేసి రంగు వేయడం పడవను బాగుచేయడం కాదు, దాని జబ్బును దాచిపెట్టడం. "పైన పటారం, లోన లొటారం" అని పెద్దలు అన్నది ఇటువంటి పనిని చూసే.

కర్రపడవకు రంగు ఎందుకు వేస్తారు? అందం కోసమని చాలామంది అనుకుంటారు. అసలు కారణం నీరు. కొయ్య నీటిని పీలిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఇలా ఉబ్బుతూ, ముడుచుకుంటూ ఉంటే పలకల మధ్య సందులు వదులవుతాయి, చీలికలు పుడతాయి. ఆ చీలికల్లో వాననీరు నిలిస్తే బూజు పుడుతుంది. అది కొయ్యను లోలోపలే తిని పొడి చేస్తుంది. విచిత్రమేమంటే, పడవను చివికించడంలో ఉప్పునీటికన్నా వాననీరే ముందుంటుంది. అందుకే నీటిలో మునిగి ఉండే అడుగు పలక గట్టిగా ఉండి, ఎండావానలకు తెరుచుకొని ఉన్న పై అంచు చివికిపోవడం తరచు చూస్తాం.

రంగు పొర బయటి తేమను లోపలికి పోనివ్వదు. అదే పొర లోపలి తేమనూ బయటికి రానివ్వదు. పొడి కొయ్య మీద వేసిన రంగు దానికి రక్షణ. తడి కొయ్య మీద వేసిన రంగు మూత. మూత కింద బూజుకు కావలసిన తేమ దొరుకుతుంది. మూడు నెలల తరువాత రంగు బుడగలు కట్టి లేస్తే "రంగు మంచిది కాదు" అని దుకాణదారును తిట్టుకుంటాం. తప్పు రంగుది కాదు, తొందరది.

సరైన క్రమం తెలిసిన వడ్రంగి ఏం చేస్తాడు? ముందు పడవను నీడలో ఆరనిస్తాడు. అడుగున అంటుకున్న గుల్లలను, నాచును తీసేస్తాడు. పట్టు వదిలిన పాత రంగును గీకుతాడు. తరువాత చిన్న సుత్తితో పలకలను వరసగా తట్టుకుంటూ పోతాడు. గట్టి కొయ్య ఖంగుమంటుంది, చివికిన కొయ్య బొద్దుగా పలుకుతుంది. అనుమానమున్న చోట మొనతో గుచ్చి చూస్తాడు. చెడిన భాగాన్ని కోసి, అదే జాతి కొయ్యతో మాసిక వేస్తాడు. సందుల్లో నార కూరి, నూనెలో కాచిన గుగ్గిలంతో పూడుస్తాడు. ఆపైన లప్పం, గరుకు కాగితం, ప్రైమరు. ఇవన్నీ అయ్యాకనే కుంచె చేతికి తీసుకుంటాడు. పదిరోజుల పనిలో రంగు వేసేది ఒకటి రెండు రోజులే. దారిన పోయేవారు మెచ్చుకొనేది మాత్రం ఆ చివరి రోజుల పనినే!

పై తొడుగును నమ్మి లోపలి సంగతి మరచిపోవడం పేదవాడి పడవకే కాదు, గొప్ప నౌకాదళాలకూ తప్పలేదు. వెచ్చని సముద్రాల్లో కొయ్యను తొలిచే ఓడపురుగు ఉంటుంది. పేరుకు పురుగే కాని నిజానికి అది ఆల్చిప్పల జాతి ప్రాణి. దాని బెడదను తప్పించడానికి బ్రిటిష్ నౌకాదళం 1761లో 'అలారం' అనే ఓడ అడుగుకు రాగి రేకులు తొడిగింది. ఓడ తిరిగి వచ్చాక పరిశీలిస్తే కొయ్యను పురుగు ముట్టలేదు. కాని రాగికి తగిలిన చోటల్లా ఇనుప మేకులు తుప్పు పట్టి తినివేయబడి ఉన్నాయి. ఉప్పునీటిలో రెండు లోహాలు తాకితే వాటిలో ఒకటి వేగంగా అరిగిపోతుంది. రేకులకూ మేకులకూ మధ్య మందపాటి కాగితం మిగిలిన చోట మేకులు క్షేమంగా ఉన్నాయి. పై తొడుగు ఎంత మంచిదైనా, లోపలి వాటికి అది పొసగుతుందా అని చూడాలని ఆ ఓడ నేర్పింది.

పాత రంగును గీకేటప్పుడు ఇంకో జాగ్రత్త కూడా అవసరం. దీనికి ఇంగ్లండులోని పోర్ట్స్‌మౌత్ రేవులో ఉన్న 'విక్టరీ' మంచి ఉదాహరణ. 1765లో నీటిలోకి దిగిన ఈ తెరచాప యుద్ధనౌక 1805 అక్టోబరు 21న జరిగిన ట్రఫాల్గర్ యుద్ధంలో అడ్మిరల్ నెల్సన్‌కు నౌక. 1922 నుంచి అది నీరులేని మరమ్మతు రేవులో నిలిచి ఉంది. నల్లని పట్టీల నడుమ ముదురు పసుపు పట్టీలతో ఉన్న ఓడను తరతరాల సందర్శకులు చూశారు. నెల్సన్ నాటి రంగు అదేననుకున్నారు. నిపుణులు ఓడ కొయ్యల మీది రంగు పొరలను సూక్ష్మదర్శినితో పరీక్షించి, పాత పత్రాలతో సరిచూశారు. ట్రఫాల్గర్ నాటి పట్టీలు అంత ముదురుగా లేవని, లేత రంగులో ఉండేవని తేలింది. 2015లో ఓడకు ఆ లేత రంగే వేశారు.

ఏళ్ళ తరబడి అలవాటైన రంగు కంటికి ఇంపుగా ఉంటుంది. అది మారితే మన ఓడ మనది కానట్టు తోస్తుంది. అయినా అలవాటుకన్నా నిజం పెద్దది. ఆ నిజం బయటపడడానికి కారణమేమిటి? వెనుకటివారు ఓడను అంతటా కొయ్య దాకా గీకివేయకపోవడమే. అక్కడక్కడ పాత పొరలు మిగిలాయి కాబట్టి అవి సాక్ష్యం చెప్పాయి. అందుచేత పట్టు వదిలిన రంగును తీసివేయడం ఎంత అవసరమో, కనబడని ఒక మూల జానెడు మేర పాత పొరలను ముట్టకుండా వదలడం అంత అవసరం. పాత పడవకు అదే జాతకం.

విక్టరీ కథ అక్కడితో ఆగలేదు. కొత్త రంగు వేసిన ఏడేళ్ళకే, 2022లో, దానికి పెద్ద మరమ్మతు మొదలుపెట్టవలసి వచ్చింది. బయటి పలకలను విప్పి, బూజు పట్టి చివికిన వాటి స్థానంలో కొత్త ఓక్ పలకలు బిగించే పని అది. ఏళ్ళ తరబడి సాగే పని. రంగు సరైనదే, లోపలి కొయ్య రోగం వేరు. ఎంత నిజమైన రంగైనా కొయ్యకు వైద్యం చేయలేదని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకదు.

"అంత ఖర్చు పెట్టి పాత పడవను నిలబెట్టడం దేనికి? ఫైబరు పడవలు వచ్చాయి కదా!" అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను తోసిపుచ్చకూడదు. ఫైబరు పడవ తేలికైనది, చివకదు, దానిని పురుగు తొలవదు. రోజూ వేటకు పోయి ఇల్లు గడుపుకొనే జాలరి దానిని ఎంచుకుంటే తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. ప్రతి పాత పడవనూ బతికించడం సాధ్యమూ కాదు. అడుగు దూలమే చివికిపోయిన పడవకు రంగు పూయడంకన్నా, దాని కొలతలు తీసి, బొమ్మ గీసి, ఫొటోలు తీసి దాచడమే మేలు. కాని బాగుచేయదగిన పడవను, బాగుచేయగల వడ్రంగి ఊళ్ళో ఉండగానే వదిలేయడం వేరు. పడవతోపాటు పనితనం కూడా పోతుంది. పడవను తిరిగి చేయవచ్చు. నేర్పేవాడు పోయిన పనితనాన్ని తిరిగి తేవడం కష్టం.

ఆ పనితనం ఎంతటిదో తెలియాలంటే ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో ఉన్న 'ట్రింకోమలీ' అనే ఓడను తలచుకోవాలి. దానిని కట్టింది ఇంగ్లండులో కాదు, బొంబాయిలో. వాడియా కుటుంబానికి చెందిన పార్సీ ఓడ నిర్మాతలు మలబారు టేకుతో కట్టి 1817లో దానిని నీటిలోకి దింపారు. రెండు వందల ఏళ్ళు దాటినా అది ఇంకా నీటి మీద తేలుతూనే ఉంది. 1987లో హార్టిల్‌పూల్‌కు చేర్చాక, దాని మరమ్మతుకు పదేళ్ళకు పైగా పట్టింది. అన్నేళ్ళూ పట్టింది రంగు వేయడానికి కాదు, రంగు కిందిదాన్ని చక్కబెట్టడానికి.

తెలుగు తీరానికీ అటువంటి చరిత్ర ఉంది. యానాం పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే రేవు, దూరప్రాంతాల ఓడలు మరమ్మతుకు వచ్చే రేవు. 1839 నాటి ఉప్పెన దానిని దెబ్బతీసింది. ఆ రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళిన తెలుగువారిని బర్మాలో 'కోరంగీలు' అనేవారు. ఊరి పేరే జాతి పేరయింది. ఆ ఊరి ఓడల్లో ఒక్కటి కూడా ట్రింకోమలీలా నిలిచి ఉంటే, నేటి పిల్లలకు అది వంద పాఠాల పెట్టు.

పడవకు ఏ రంగు వేస్తామన్నది ఒక్క పడవకు చెందిన విషయం కాదు. అడుగు భాగానికి గుల్లలు అంటకుండా వేసే రంగుల్లో విషం ఉంటుంది. గుల్లలను ఆపేది ఆ విషమే. గత శతాబ్దంలో ట్రైబ్యూటైల్ టిన్ అనే పదార్థం కలిపిన రంగులు బాగా వాడుకలోకి వచ్చాయి. పడవలు నున్నగా ఉండేవి. కాని ఫ్రాన్సులోని ఆర్కషాన్ అఖాతంలో ఆల్చిప్పల పెంపకం దెబ్బతిన్నది. చిప్పలు వికారంగా మందమెక్కాయి, పిల్లలు పుట్టడం తగ్గిపోయింది. ఫ్రాన్సు 1982లో చిన్న పడవలపై ఆ రంగును కట్టడి చేసింది. 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక 2008లో అమలుకు వచ్చి, ఆ రంగులను నిషేధించింది. చేపల మీద బతికేవాడు చేపల నీటిలో విషం కలపడం కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే.

గీకేవాని ఆరోగ్యం మరో సంగతి. పాత రంగుల్లో సీసం ఉండేది. మన దేశంలో ఇళ్ళకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నియమం 2017 నవంబరు నుంచి అమలులో ఉంది. అంతకు ముందు వేసిన పొరలు పాత పడవల మీద అలాగే ఉన్నాయి. పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసం అందరికీ హానికరమే, పిల్లల మెదడు ఎదుగుదలకు మరీ హానికరం. తడిపి గీకాలి, ముక్కుకు, నోటికి రక్షణ కట్టుకోవాలి, రాలిన పెచ్చులను పట్టా మీద పోగుచేసి తీసివేయాలి. పక్కన పిల్లలను ఆడుకోనివ్వకూడదు. పడవను బాగుచేసే పనిలో మనిషి చెడిపోతే ఆ బాగుకు అర్థం లేదు.

ఇవన్నీ చూస్తే పాత పడవకు రంగు వేయడమనేది ఎంత చిన్న పనిగా కనిపిస్తుందో అంత పెద్ద బాధ్యత అని తెలుస్తుంది. పని తొందరగా ముగించాలనే ఆశ, ఖర్చు తగ్గించాలనే ఆరాటం, నలుగురి మెప్పు పొందాలనే కోరిక ఈ మూడూ కుంచెను ముందు పట్టుకోమంటాయి. అనుభవం మాత్రం సుత్తిని ముందు పట్టుకోమంటుంది. తట్టి చూడడానికి ధైర్యం కావాలి. ఎందుకంటే ఏ పలక బొద్దుగా పలుకుతుందో తెలిశాక ఊరుకోవడానికి వీలుండదు.

తీరప్రాంతపు విద్యార్థులు ఈ వేసవిలో ఒడ్డున పడవకు రంగు వేస్తుంటే కాసేపు నిలబడి చూడాలి. వడ్రంగి మామయ్యనో, జాలరి తాతనో అడిగి పడవ భాగాల పేర్లు రాసుకోవాలి. తమిళ, ఒడియా మాటల మధ్య బతికే తెలుగువారి నోట ఆ పేర్లు ఒక్కో ఊళ్ళో ఒక్కో తీరుగా ఉంటాయి. నిఘంటువుల్లో దొరకని మాటలూ ఉంటాయి. పడవ ఒడ్డున పడి చివికితే అవి కూడా చివికిపోతాయి. వాటిని కాపాడడానికి రంగు డబ్బా అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, అడిగే ఓపిక చాలు.