సముద్రానికి ఇద్దరమే...

చిక్కడపల్లి మార్కెట్లో వంకాయలు ఏరుతూ ఒకావిడ పక్కావిడతో అంటోంది, ‘‘ఈసారి ఎటైనా సముద్రం దగ్గరికి వెళ్దామంటున్నారండీ మావారు. ఇద్దరమే’’. ఏదో తప్పు ఒప్పుకున్నట్టు చివరి మాట దగ్గర గొంతు తగ్గిపోయింది. పక్కావిడ అడిగిన మొదటి ప్రశ్న: ‘‘మరి అత్తగారో?’’

తిరుపతి, శ్రీశైలం, అన్నవరం... ఇరవై ఏళ్ల కాపురంలో ఇవన్నీ తిరిగే ఉంటారు. అత్తమామలతో, పిల్లలతో, పులిహోర పొట్లాలతో. దేవుడి దగ్గరికి వెళ్తామంటే ఎవరూ ఎందుకని అడగరు. ఆలుమగలిద్దరే నాలుగు రోజులు అలలు చూసొస్తామంటే మాత్రం సంజాయిషీ చెప్పుకోవాలి. కొత్తగా పెళ్లయినవాళ్లయితే హనీమూన్ అని సరిపెట్టుకుంటారు. నలభై దాటినవాళ్లయితే ‘ఇప్పుడేం సరదాలు’ అనేస్తారు. అసలు కావలసింది అప్పుడే కదండీ! పాల లెక్క, కరెంటు బిల్లు, అబ్బాయి కోచింగు ఫీజు తప్ప ఆ ఇద్దరూ వేరే మాట మాట్లాడుకుని ఎన్నాళ్లయిందో.

పోనీ, ప్రయాణం ఖాయమైందే అనుకుందాం. ఎక్కడికి, ఎప్పుడు, ఎంత ఖర్చు అన్నది ఎవరు తేల్చారు? నారాయణగూడ, అశోక్‌నగర్‌ వైపు ఉద్యోగుల ఇళ్లు చాలా ఉన్నాయి. ఎల్టీసీ వస్తుందంటే ఊరు ఎంపికైపోతుంది. ఆ కాగితంలో భార్య పేరు రాయడానికి గడి ఉంటుంది గానీ ఆవిడ ఇష్టం రాయడానికి ఉండదు. టిక్కెట్లు చేతికొచ్చాక ఆవిడకు మిగిలేది సర్దుడు పని.

మాట ముందే చెప్పడం మంచిది. రైలు రిజర్వేషన్లు 2024 నవంబరు 1 నుంచి 60 రోజుల ముందే మొదలవుతున్నాయి. అంతకుముందు 120 రోజులుండేది. కాబట్టి తీరిగ్గా ఆలోచించుకునే వ్యవధి సగమైంది. ఋతువు కూడా చూసుకోవాలి. దసరా సెలవులు కదా అని తూర్పు తీరానికి బయల్దేరతాం. అది బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎలా చేసిందో మనకు తెలుసు. పడమటి వైపు జూన్ మొదటి వారానికల్లా కేరళ, గోవాల్లో వానలు పట్టుకుంటాయి, సెప్టెంబరు దాకా సముద్రం ఉగ్రంగా ఉంటుంది. క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో గోవాలో గది అద్దెలు వింటే గుండె గుభేలుమంటుంది. సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి చివర్నుంచి ఫిబ్రవరి దాకా హాయి.

గోవాయే కానక్కర్లేదు. 1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో ఉంటాం. రుషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఇంకా దగ్గర్లో కావాలంటే బాపట్ల పక్కన సూర్యలంక ఉండనే ఉంది.

నీళ్లలో దిగాలని ఉంటే చీరతో వద్దు. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్లే తట్టుకోలేరు. సల్వార్ కమీజ్ అయినా నయం. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే ఒడ్డుకేసి పోరాడకుండా ఒడ్డుకు సమాంతరంగా ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఎర్రజెండా పెట్టిన చోట అసలు దిగకూడదు, మొగుడుగారు ఎంత ధైర్యం చెప్పినా సరే.

తేదీలు ఖాయం చేసే ముందు మన నెలసరి తేదీ కూడా చూసుకోవాలి. సిగ్గుపడి చెప్పక, తీరా బయల్దేరే ముందు మందుల షాపులో మాత్రలు కొనుక్కుని మింగేవాళ్లున్నారు. రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లకు ఆ మాత్రలు ప్రమాదం. గంటల తరబడి కదలకుండా కూర్చునే ప్రయాణంలో ఇంకా. డాక్టరును అడక్కుండా వేసుకోవద్దు. తేదీ రెండు రోజులు అటూ ఇటూ జరపమని ఆయనకు చెబితే పోయేదేముంది?

ఇక అత్తగారి సంగతి. మార్కెట్లో ఆవిడ చివరికి ధైర్యం చేసి అడిగేసిందట. ‘‘మేమిద్దరం ఎప్పుడూ ఎక్కడికీ పోలేదమ్మా. మీరు పోయిరండి, ఆ నాలుగు రోజులు అమ్మాయిని వచ్చి ఉండమంటాను’’ అన్నారట ఆ పెద్దావిడ. ఆడపడుచుకు ఫోనూ ఆవిడే చేశారు.

అన్నట్టు, ఆయన బ్యాగు ఆయన్నే సర్దుకోమనండి. తువ్వాలు మరిచిపోతే అక్కడ కొనుక్కుంటారు.