మహబూలా మోకాళ్లు

కువైట్ నగరానికి దక్షిణాన, సముద్రం అంచున ఉన్న మహబూలాలో అపార్టుమెంట్ల నిండా బయటి దేశాల కార్మికులే. 2020 ఏప్రిల్‌లో కరోనా కారణంగా అక్కడి ప్రభుత్వం ఈ ప్రాంతాన్నీ, జలీబ్ అనే మరో కార్మికుల ప్రాంతాన్నీ దిగ్బంధం చేసినప్పుడు ఈ పేరు వార్తల్లోకొచ్చింది. 2024 జూన్ 12న దగ్గర్లోని మంగాఫ్‌లో కార్మికుల భవనం తగలబడి నలభై మందికి పైగా భారతీయులు చనిపోయినప్పుడు ఆ చుట్టుపక్కల బతుకుల గురించి మరోసారి రాశారు. నలభై ఏళ్లకే మెట్లు దిగలేని మోకాలు మాత్రం ఎవరికీ వార్త కాదు. మొరటు పనికి అలవాటుపడ్డ మనుషులు, ఓర్చుకుంటారులే అని అక్కడ అంటారు. వయసు మీద పడింది అని తిరిగొచ్చాక ఇక్కడ తేల్చేస్తారు. రెండు మాటలూ నొప్పిని మనిషి ఒంటికి అంటగట్టి, ఆ ఒళ్లు చేసిన పనిని వదిలేస్తాయి.

నొప్పికి కారణం మనిషిలో ఉందా, బయట ఉందా అన్న చర్చ అమెరికాలో పాతదే. కీళ్ల జబ్బు తెల్లవారిలోనూ నల్లవారిలోనూ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉన్నా, తీవ్రమైన నొప్పి, పని చేయలేకపోవడం నల్లవారిలో ఎక్కువని అక్కడి జాతీయ ఆరోగ్య సర్వేల్లో తేలింది. ఎక్స్‌రేలో అరుగుదల అంతే కనిపిస్తున్నా నొప్పి ఎక్కువంటున్నారంటే తేడా మనసులోనో రక్తంలోనో ఉంటుందని అనుకోవడం తేలిక. 2021లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఈ తేలికదనానికే అడ్డుపడింది. ఎక్స్‌రేలో అరుగుదలను కొలవడానికి కెల్‌గ్రెన్, లారెన్స్ అనే పరిశోధకులు 1957లో రూపొందించిన కొలమానంతో చూస్తే, నొప్పిలో ఉన్న ఆ జాతి తేడాలో 9 శాతానికే కారణం దొరికింది. అవే ఎక్స్‌రేలను, రోగులు చెప్పిన నొప్పి ఆధారంగా శిక్షణ ఇచ్చిన కంప్యూటర్ చదివితే 43 శాతానికి దొరికింది. అంటే మోకాలిలో ఉన్నదాన్నే పాత కొలమానం పట్టుకోలేకపోయింది. ఎందుకు అరిగిందన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు అంతకంటే ముందే ఉంది: మోకాళ్లు వంచుతూ బరువు పని చేసిన మగవాళ్లకు తర్వాతి కాలంలో మోకాలి అరుగుదల ఎక్కువని 1991లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయన పరిశోధకులు చూపారు. విచిత్రమేమిటంటే కెల్‌గ్రెన్, లారెన్స్‌లు కూడా 1952లో బొగ్గుగని కార్మికుల మోకాళ్ల ఎక్స్‌రేలు చూసినవాళ్లే.

గల్ఫ్‌లో జాతికీ పనికీ మధ్య ముడి ఇంకా బిగువు. ఏ పనికి ఏ దేశంవాళ్లు కావాలో ప్రకటనల్లోనే రాస్తారు, జీతం కూడా పాస్‌పోర్టును బట్టి మారుతుంది. టైల్స్ మేస్త్రి పని చూడండి. గరుకు నేల మీద మోకాళ్లూని, ముందుకు వంగి, పలకను సరిచేసి, ఒక అడుగు వెనక్కి జరిగి మళ్లీ మోకాళ్ల మీదే కూర్చుంటాడు. మధ్యలో లేచేది సిమెంటు బస్తా మోయడానికి. రాత్రికి జండూబామ్, లేదంటే నొప్పి మాత్ర. మండే ఎండలో ఒంట్లో నీరు తగ్గినవాడు ఆ మాత్రలు రోజూ మింగితే మూత్రపిండాలకూ ముప్పే. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా పదకొండింటి నుంచి నాలుగింటి వరకు ఆరుబయట పని నిషేధం మంచిదే, కానీ అది ఎండ నుంచి కాపాడుతుంది, బరువు నుంచి కాదు. ఆడవాళ్ల సంగతి మరొకటి. పదో తరగతి కూడా చదవని మహిళ గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లాలంటే ముప్పై నిండాలని మన దేశ నిబంధన. కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లే ఆ మహిళల కీళ్లు అరిగే ఏళ్లన్నీ పరాయి ఇంటి నేల తుడవడంలోనే గడుస్తాయి.

నాట్లు వేసే ఆడవాళ్లకు ఇక్కడా మోకాళ్ల నొప్పులే కదా అనవచ్చు. నిజమే, అది పని వల్లనే అన్న మాటకు అదీ సాక్ష్యమే. బరువు, వంశపారంపర్యం కూడా కారణాలేనన్నదీ కాదనలేం. ఒక మనిషి మోకాలిలో పని వాటా ఎంతో విడదీయడం డాక్టరుకు కష్టం. అయినా బ్రిటన్ 2009లో గని కార్మికుల మోకాలి అరుగుదలను, మరుసటి ఏడాది తివాచీలు, ఫ్లోరింగ్ పరిచేవారి అరుగుదలను వృత్తి జబ్బుగా గుర్తించి పరిహారం ఇస్తోంది. ఒక్కొక్కరి మోకాలి చరిత్ర తవ్వకుండా, ఇన్నేళ్లు ఆ పని చేశారా లేదా అని చూస్తుంది. మన ప్రవాసీ భారతీయ బీమా యోజనలో ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షలున్నాయి; ఆసుపత్రిలో చేరే అవసరం రాని మోకాలి నొప్పి దాని లెక్కలోకి రాదు.

గల్ఫ్‌కు వెళ్లేటప్పుడు, జనం ఇంకా గమ్కా అని పిలిచే వైద్య పరీక్షలో ఛాతీ ఎక్స్‌రే, రక్త పరీక్షలు అన్నీ చేస్తారు. తిరిగొచ్చినవారికీ ఒక పరీక్ష పెట్టి, ఏ పని ఎన్నేళ్లు చేశారో రాసుకుంటే, రేపు పరిహారం అడగడానికి ఆధారమైనా ఉంటుంది. ఇలాంటివి పెడితే సేఠ్‌లు మనవాళ్లను వదిలి నేపాల్, బంగ్లాదేశ్ వాళ్లను పెట్టుకుంటారని భయపెట్టేవాళ్లున్నారు. ఆ పరీక్ష జరిగేది రాజంపేటలోనో రాయచోటిలోనో, పని ముగించుకుని వచ్చిన మనిషికి. కువైట్ యజమానికి అందులో అయ్యే ఖర్చేమీ లేదు.