కొయ్యబంతుల పాఠము

2025వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన రాయల్ స్వీడిష్ సైన్సు అకాడమీవారు రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానమును ముగ్గురు ఆచార్యులకు సమానముగా పంచి యిచ్చిరి. జపానులోని క్యోటో విశ్వవిద్యాలయమునకు చెందిన సుసుము కితగావా, ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ విశ్వవిద్యాలయమునకు చెందిన రిచర్డ్ రాబ్సన్, అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమునకు చెందిన ఒమర్ యాగీ ఆ ముగ్గురు. బహుమాన ధనము ఒక కోటి పది లక్షల స్వీడిష్ క్రోనులు. వార్త ఒక దినపు ముచ్చట. దాని వెనుకనున్న చరిత్ర యేబది సంవత్సరములది. పాఠశాలలలో రసాయన శాస్త్రము బోధించువారికిని, రేపు విశ్వవిద్యాలయములందు పరిశోధన చేయగోరువారికిని ఆ చరిత్ర మిక్కిలి ఉపయుక్తమైనది.

ఈ ముగ్గురు కట్టినవి లోహ-కర్బన చట్రములు. ఇంటికి స్తంభములు, దూలములు ఎట్టివో, వీనికి లోహపు అయానులు, పొడవైన కర్బన అణువులు అట్టివి. అయానులు మూలలయందు నిలుచును. అణువులు వానిని కలుపును. నడుమ గదులవంటి ఖాళీలు మిగులును. ఈ పదార్థముల విలువ యంతయు ఆ ఖాళీలోనే యున్నది. వాయువులు అందు ప్రవేశింపగలవు, నిలువగలవు, మరల వెలువడగలవు. యాగీ బృందము 1999లో ప్రకటించిన ‘మాఫ్-5’ అను పదార్థము రెండు మూడు గ్రాములలోనే ఫుట్‌బాల్ మైదానమంత లోపలి వైశాల్యము కలది. ఇట్టి చట్రములు అరిజోనా ఎడారిలో రాత్రి గాలియందలి తేమను పట్టి యుంచి, పగటి ఎండకు నీటిగా విడిచినవి. బొగ్గుపులుసు వాయువును పట్టి యుంచుటకును వీనిని వినియోగించుచున్నారు.

ఇంతటి దానికి మొదలు 1974వ సంవత్సరమునందలి ఒక చిన్న పని. అప్పుడు రాబ్సన్ మెల్బోర్నులో విద్యార్థులకు పాఠములు చెప్పుచుండెను. అణువుల ఆకృతిని వారు చేతితో కట్టి చూచుటకు వీలుగా కొయ్యబంతులతో నమూనాలు సిద్ధపరచు భారము ఆయనపై పడెను. బంతి పరమాణువు; పుల్ల రసాయన బంధము. పుల్లలు దూర్చుటకు ఎచ్చటెచ్చట రంధ్రములు వేయవలెనో గుర్తించి యిచ్చినచో విశ్వవిద్యాలయపు పనిశాలవారు వానిని వేయుదురు. రంధ్రములు ఇచ్చ వచ్చినట్లు వేయరాదు. ప్రతి పరమాణువును నిర్దిష్టమైన దిక్కులకే బంధములను చాచును. బంతులు తిరిగివచ్చిన పిదప కూర్చి చూడగా ఆయనకొక సంగతి స్ఫురించెను. రంధ్రములు సరియైన తావుల నున్నచో అణువు ఆకృతి తనంతట తానే సరిగా వచ్చుచున్నది. కొయ్యబంతులకు చెల్లిన ఈ నియమము నిజమైన అయానులకును, అణువులకును ఏల చెల్లరాదు?

ఏటేటా తరగతికొరకు ఆ నమూనాలను వెలికి తీసినప్పుడెల్ల అదే ప్రశ్న ఆయన మనస్సున మెదలుచుండెను. దానిని ప్రయోగమునకు దింపుటకు పదేండ్లకు పైగా పట్టెను. వజ్రమునందు ప్రతి కర్బన పరమాణువును నాలుగు పొరుగు పరమాణువులతో కలిసి యుండును. రాబ్సన్ ఆ అమరికనే తీసికొని, ఒక కర్బన పరమాణువునకు బదులు రాగి అయానును, దాని పొరుగున నాలుగు చేతులు గల పెద్ద అణువును నిలిపెను. ఇట్టివి కలిపినచో పక్షిగూడువలె చిక్కుపడునని రసాయనికులు సాధారణముగా తలచెడివారు. అట్లుగాక క్రమమైన స్ఫటికము ఏర్పడెను. వజ్రమున లేని విశాలమైన ఖాళీలు అందుండెను. సహచరుడు బెర్నార్డ్ హాస్కిన్స్‌తో కలిసి ఆయన దీనిని 1989లో ప్రకటించెను. తరగతిలో పుట్టిన ప్రశ్నకు ప్రయోగశాలలో సమాధానము దొరకుటకు పదునైదేండ్లు పట్టెను.

కితగావా అనుభవమును ఇట్టిదే. 1992లో ఆయన నిర్మించిన మొదటి చట్రము దృఢమైనదియు కాదు, ఉపయోగము తోచినదియు కాదు. ధనసహాయమునకై పెట్టిన అర్జీలు తిరస్కరింపబడెను. నిరుపయోగముగ తోచుదానియందును ఉపయోగముండునను ప్రాచీన చైనా తత్త్వవేత్త జువాంగ్ జీ భావము ఆయనకు ఆదర్శము. 1997లో ఆయన బృందము కోబాల్టు, నికెలు, జింకు అయానులతో కట్టిన చట్రములలోనికి వాయువులు పోయి రాగలిగెను, చట్రము చెడలేదు.

బహుమానము ముగ్గురికి మించి ఇయ్యరాదను నియమము కలదు. స్ఫటికములు మాత్రము ముగ్గురి చేతనే పెరుగలేదు. రసాయన పరిశోధక బృందమనగా ఒక ఆచార్యుడు, ఆయన కింద పరిశోధక విద్యార్థులు కొందరు. వారి దినచర్యలో వింతలు అరుదు. గాజు సామాను కడుగుట, ద్రావణములు కలిపి సీసాలలో విడిచి వారముల తరబడి వేచియుండుట, కంటికి కనబడీ కనబడని స్ఫటికమును ఏరి ఎక్స్-కిరణములకు చూపుట, ఫలించినదానితోబాటు ఫలింపనిదానిని గూడ నోటుపుస్తకమున వ్రాయుట, వారమున కొకమారు అందరి యెదుట లెక్క చెప్పుట. ఈ ఫలింపని పుటలే తరువాత వచ్చు విద్యార్థికి ఆస్తి. విద్యార్థి కొన్ని యేండ్లలో పట్టము పుచ్చుకొని వెడలిపోవును. ప్రశ్న మాత్రము బృందమున నిలుచును. ఒక మానవుని ఓపికకు మించిన ప్రశ్నను చేతినుండి చేతికి అందించు సంప్రదాయమే పరిశోధక బృందము.

ఈ దృష్టితో మన స్థితిని విచారింపవలెను. మన దేశమున పరిశోధక వేతనము 2023 జనవరి నుండి మొదటి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, పిదప 42,000 రూపాయలు; మొత్తము గడువు ఐదేండ్లు. ఈ గడువు అన్యాయమని చెప్పజాలము. యువకుని యౌవనమంతయు ఒకే సీసాకు అంకితము చేయుమనరాదు. కాని విద్యార్థికి ఐదేండ్లే ఉన్నచోట పదునైదేండ్ల ప్రశ్నను కాపాడు బాధ్యత ఆచార్యునిది, ఆయన స్థానమును నిలుపు సంస్థది. ఏటికెన్ని వ్యాసములు అచ్చైనవను లెక్కయే కొలబద్ద యైనచో, ఐదేండ్లలో పండు ప్రశ్నలనే అందరును వెదకుదురు. అధ్యాపక స్థానములను ఖాళీగా నుంచినచో ప్రశ్నను అందుకొను చేయియే ఉండదు. ఈ విద్య మనకు దూరమైనది కాదు. రాబ్సన్ వ్యాసము వెలువడిన 1989లోనే, అణువుల పొందికను ముందుగా ఊహించి స్ఫటికములను నిర్మించుటను గూర్చి హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆచార్యుడొకరు వ్రాసిన గ్రంథము ప్రకటితమయ్యెను. శక్తి కలదు, దానిని కొనసాగించు ఏర్పాటు కావలెను.

ఇందు పాఠశాలకును పాలు కలదు. యాగీ 1965లో జోర్డానునందలి అమ్మానులో జన్మించెను. విద్యుత్తు లేని, కొళాయి లేని ఒంటిగదిలో పెద్ద కుటుంబము. పదియేండ్ల ప్రాయమున ఒకనాడు, సాధారణముగా తాళము వేసియుండు బడి గ్రంథాలయమున దూరి, చేతికందిన పుస్తకమును తెరచెను. అందలి అణువుల బొమ్మలు అర్థము కాలేదు. కాని మనస్సును పట్టుకొనెను. ఆనాడు తలుపు దొరకుట యాదృచ్ఛికము. అట్టి యాదృచ్ఛికముపై మన పిల్లల భవిష్యత్తును విడిచిపెట్టుట తగునా?

ప్రయోగశాల బీరువాను, గ్రంథాలయపు తలుపును తెరచి యుంచుటకు పెద్ద నిధులు అక్కరలేదు. బంతులు కొయ్యవి కాకున్న మట్టివైనను చాలును. విద్యార్థి వానిని కూర్చుచు ఇట్లేల యని అడిగినప్పుడు, పరీక్షలో రాదని చెప్పక, ఆ ప్రశ్నను వ్రాసి పెట్టుకొమ్మని చెప్పు ఉపాధ్యాయుడు పరిశోధనలో తన వంతు నిర్వర్తించినవాడే.