మూసుండాల్సింది మూసే ఉందా?

శుక్రవారం సాయంత్రం. ఏదో సైటు తెరుచుకోవట్లేదని మా టీములో ఒకటే గోల. స్క్విడ్ కాన్ఫిగ్ లో అన్నిటికంటే పైన ‘అందరికీ అనుమతి’ అని ఓ లైను పెట్టా, టెస్టింగు కోసమే లెండి. సైటు తెరుచుకుంది. లైను తీయడం మర్చిపోయి బస్సెక్కేశా.

స్క్విడ్ రూల్సుని పైనుంచి కిందకి చదువుతుంది. మొదట ఏది సరిపోతే అదే తీర్పు. కింద ఎన్ని ‘వద్దు’లున్నా దండగే. పైగా ఆ సర్వరుకి పబ్లిక్ ఐపీ. సోమవారం లాగు తెరిస్తే 3128 పోర్టు మీద అందరూ ముక్కూ మొహం తెలియని వాళ్ళే!

సింటాక్స్ చెక్ తప్పేమీ చూపలేదు. దానికి మన ఉద్దేశం తెలీదుగా! తెరుచుకోవాల్సింది తెరుచుకుందా అనే చూస్తాం మనం. నా మటుకు మూసుండాల్సింది మూసే ఉందా అన్నదే అసలు టెస్టు. ఇప్పుడు బయటి నెట్ నుంచి ఓ రిక్వెస్టు పంపి, 403 వచ్చాకే ఇంటికెళ్తున్నా. మరి మీరో?