నొప్పికి సాక్ష్యమేది?

నొప్పికి మన భాషలో పేర్లకు కొదువ లేదు. తలకు వచ్చినది పోటు. పుండుకు వచ్చినది సలుపు. కాళ్ళకు వచ్చినవి తీపులు. నడుమునకు వచ్చినది పట్టు. కడుపులో వచ్చినది మెలి. పీకుట, గుంజుట, లాగుట, మండుట, కలుక్కుమనుట - ఒక్కొక్క మాట ఒక్కొక్క బాధకు ఆనవాలు. అక్షరము రాని ముసలమ్మ సైతము తన నొప్పి ఎట్టిదో, ఏ జామున ఎక్కువగునో, ఏ గాలికి తిరుగబెట్టునో వైద్యునకు విడమరచి చెప్పగలదు. ఇన్ని మాటలు గల జాతి, ఆ ముసలమ్మ సర్కారు సాయము కోరి దరఖాస్తు పెట్టుకొన్ననాడు మాత్రము ఒక్క అంకెను అడిగి ఊరకొనుచున్నది. ఆ అంకె 40.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిలులో అమలులోనికి వచ్చినది. 1995 నాటి పాత చట్టము 7 విధముల వైకల్యములనే గుర్తింపగా, ఇది 21 విధములను గుర్తించినది. వానిలో ఏదేని 40 శాతమునకు తగ్గకుండ ఉన్నదని అధికారులు ధ్రువపరచినవారికే ఉద్యోగములలో ప్రత్యేక స్థానములు మొదలైన ముఖ్య సౌకర్యములు. మన రెండు రాష్ట్రములలోని పింఛన్లకు సైతము శాతము వేసిన ఆ పత్రమే ఆధారము. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఆ పింఛను నెలకు 6000 రూపాయలైనది. తెలంగాణలో 2023లో 4016 రూపాయలైనది. కలవారికిది లెక్కలోని సొమ్ము కాదు. మందుల దుకాణములో పద్దు పెరుగుచున్న ఇంటికి మాత్రము నెల గడచుటయో, గడవకుండుటయో దీనిపై ఆధారపడి ఉన్నది.

ఆ 21 పేర్లలో సికిల్ సెల్ వ్యాధి ఉన్నది, హీమోఫీలియా ఉన్నది, పార్కిన్సన్ వ్యాధి ఉన్నది. ఇది గొప్ప ముందడుగే. కాని దీర్ఘకాలపు నొప్పి అను పేరు అందులో లేదు. కీళ్ళవాతము పేరు లేదు. అట్టి రోగి లోనికి పోదలచినచో, చలన వైకల్యమను వేరొక ద్వారమున తలదూర్చవలెను. ఆ ద్వారము వద్ద ఏమి జరుగునో నేను దగ్గర నుండి చూచితిని.

మా అక్కయ్య రవికలు కుట్టి సంసారమునకు చేదోడుగా నిలిచిన మనిషి. పదునొకండేండ్ల క్రిందట ఆమెను రుమటాయిడ్ కీళ్ళవాతము పట్టుకొన్నది. తెల్లవారి లేచుసరికి వ్రేళ్ళు విచ్చుకొనవు. గోరువెచ్చని నీళ్ళలో అరగంట ఉంచిన గాని కుళాయి త్రిప్పలేదు. ఒంట్లో నెమ్మదిగా నున్ననాడు ఒక రవిక కుట్టును. దానికి రెండు దినములు మంచము మీద మూల్యము చెల్లించును. నాలుగేండ్ల క్రిందట ఆమెను వైకల్య నిర్ధారణ శిబిరమునకు వెంటబెట్టుకొని పోయితిని. బస్సెక్కవలె గనుక వేకువను నాలుగు గంటలకే నొప్పి మాత్ర వేసుకొన్నది. నలుగురిలోనికి పోవుచున్నాము గదా యని ఉతికిన చీర కట్టుకొని, తల నున్నగా దువ్వుకొన్నది.

మధ్యాహ్నమునకు మా వంతు వచ్చినది.

"పిడికిలి బిగించమ్మా" అనిరి వైద్యులు. బిగించినది. "చెయ్యెత్తు." ఎత్తినది. "ఆ గోడ దాకా నడువు." నడచినది. "నొప్పిగా ఉందా?" "ఉందండీ." అంతే. మా వెనుక ఇంకను బారెడు వరుస ఉన్నది. కొన్నాళ్ళకు వచ్చిన కాగితములో 22 శాతమని ఉన్నది.

ఆనాడు వరుసలో మా ముందు నిలిచిన పెద్దమనిషి, విషయము విని జాలిపడి, "మాత్ర వేసుకొని రావడమేమిటమ్మా? జుట్టు విరబోసుకొని, మూలుగుతూ రావాలి గానీ" అని హితవు చెప్పెను. తిరుగు ప్రయాణమున బస్సులో అక్కయ్య చాలసేపటికి నోరు విప్పినది. "నొప్పి ఉన్నమాట నిజం తమ్ముడూ. దాన్ని నటించి చూపించమంటే నావల్ల కాదు."

ఆ మాటయే నాచేత ఈ వ్యాసము వ్రాయించుచున్నది.

వైద్యుని తప్పు పట్టను. ఆయన చేతికి ఇచ్చిన కొలబద్ద అట్టిది. కీలు ఎంత మేర వంగుచున్నది, కండరమునకు ఎంత బలమున్నది - లెక్కకు మూలములివి. 2001లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శకములలో, కాలి వైకల్యమును గణించుచోట, నొప్పికి కొన్ని అదనపు పాళ్ళు కలుపవచ్చునని ఉండినమాట నిజమే. కాని వంకరకు, స్పర్శ లోపమునకు, నొప్పికి, అన్నిటికిని కలిపి ఆ అదనము 10 దాటరాదని అందులోనే ఉండినది. అనగా నొప్పి అసలు లెక్కకు తోక మాత్రమే. కీలు ఒకసారి వంగునా యని కొలబద్ద అడుగును; వంగిన పిమ్మట ఆ మనిషి ఎన్నాళ్ళు లేవలేదో అడుగదు.

ఈ చూపులోని లోపము మన తెలుగు నేలకు చిరకాల పరిచితము. 1937లో నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో వైద్యులు ఫ్లోరైడు వ్యాధిని గుర్తించి ప్రకటించిరి. అటుపిమ్మట నల్లగొండ పేరు ఆ వ్యాధికి మారుపేరైనది. వంగిన వెన్నులను, వంకరపోయిన కాళ్ళను లోకము ఛాయాచిత్రములలో చూచి కన్నీరు పెట్టినది. కాని ఆ వెన్ను ఒక్కనాడు వంగలేదు. మొదట వచ్చునది మెడలో, నడుములో నొప్పి, పిదప బిగుతు, వంపు చివరి ఘట్టము. ఎముక వంగిన పిమ్మట సర్కారు సాయమునకు దారి సుగమము. వంగుటకు ముందు నొప్పితోనే నాగలి పట్టిన సంవత్సరములకు ఏ పత్రమున్నది?

ఇచ్చట ఒక ప్రశ్న న్యాయముగా పుట్టును. నొప్పి కంటికి కనబడదు గదా, నోటిమాట నమ్మి డబ్బు పంచినచో దొంగలు చేరరా? చేరుదురు. లేని వైకల్యమునకు పత్రములు పుట్టించినవారును లేకపోలేదు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛను పొందుచున్న దివ్యాంగులను మరల పరీక్షలకు పిలుచుటకు కారణముగా చెప్పినది ఇదియే. ప్రజాధనమునకు కాపలా ఉండవలసినదే. కాని నా ప్రశ్న వేరు: ఇప్పటి పరీక్ష పట్టుకొనునది ఎవరిని? కుంటుట నేర్చినవాడు కుంటి చూపి దాటిపోగలడు. నొప్పిని పంటి బిగువున ఓర్చి, చీర సవరించుకొని, నిటారుగా నడచివచ్చిన మనిషి మాత్రము తప్పిపోవును. ఓర్పును ఆరోగ్యమని పొరబడు పరీక్ష దొంగకు అడ్డు కాజాలదు. అది నిజాయితీపరునికి శిక్ష అగుచున్నది.

వైద్యశాస్త్రము ఈ విషయమున ముందుకు నడచినది. నొప్పిని అధ్యయనము చేయు అంతర్జాతీయ సంఘము 2020లో తన నిర్వచనమును సవరించుచు, నొప్పి ఎల్లప్పుడును వ్యక్తిగతమైన అనుభవమేయనియు, బాధపడువాని మాటను గౌరవింపవలెననియు స్పష్టము చేసినది. 2022లో అమలునకు వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో, 3 నెలలకు మించిన నొప్పికి తనదైన స్థానము లభించినది. అది మరియొక రోగమునకు నీడ మాత్రమే కాదు, తానే రోగము కూడ కావచ్చునని అర్థము.

కొలుచుటకు వేరు మార్గము లేకపోలేదు. బ్రిటనులో 2013లో మొదలైన వైకల్య భృతి నియమములు, మనిషి వండుకొనగలడా, స్నానము చేయగలడా, నడువగలడా యని అడుగుటతో ఆగవు. ఆ పనిని అపాయము లేకుండ, సరిగా, తగిన సమయములో, కావలసినన్ని మారులు చేయగలడా యని చూడవలెననును. సగము దినములకు మించి అతని స్థితి ఎట్లున్నదో అడుగును. అక్కడి అమలుపైనను ఫిర్యాదులు మెండు. అయినను ఆ ప్రశ్న సరియైన ప్రశ్న. మా అక్కయ్యను ఆ ప్రశ్న అడిగియున్నచో, ఆమె అబద్ధమాడ పనిలేదు, మాత్ర మానుకొనను పనిలేదు.

మన చట్టము ఇందుకు అడ్డుపడుట లేదు. వైకల్యమనగా దీర్ఘకాలపు లోపము ఒకటే కాదనియు, సమాజములోని అడ్డంకులతో కలిసి అది మనిషిని అందరితో సమానముగా పాల్గొననీయకుండుట అనియు ఆ చట్టమే నిర్వచించినది. క్రొత్త పేర్లను పట్టికలో చేర్చు అధికారమును కేంద్ర ప్రభుత్వమునకు ఇచ్చినది. నిర్ణయము నచ్చనివారికి అప్పీలు హక్కును ఇచ్చినది. కావలసినవి మూడు పనులు: దీర్ఘకాలపు నొప్పిని పట్టికలో చేర్చుట, శిబిరములోని కొన్ని నిమిషములతో పాటు, చికిత్స చేయుచున్న వైద్యుని నెలల తరబడి చీట్లను సాక్ష్యముగా స్వీకరించుట, అప్పీలు హక్కు ఉన్నదని కాగితము చేతికిచ్చిననాడే తెలుగులో చెప్పుట. ఈ మూడవదానికి పైసా ఖర్చు లేదు. మాకు ఆనాడు ఎవరును చెప్పలేదు.

అక్కయ్య ఇప్పుడు మరల దరఖాస్తు పెట్టుకొనుటకు సిద్ధమగుచున్నది. "ఈసారి మాత్ర వేసుకోనా, మాననా తమ్ముడూ?" అని మొన్న నన్ను అడిగినది. మానినచో బస్సు ఎక్కలేదు. వేసుకొన్నచో పరీక్షలో గెలువలేదు. ఆమెకు నేనింకను బదులు చెప్పలేదు. చెప్పవలసినవాడను నేను కాను.