పాలగిన్నె తెచ్చిన కవిత

కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడని మనవాళ్ళు అంటూవుంటారు. కాలు కాలి, తిరగడానికి వీల్లేక, కూర్చున్నచోటనే కూర్చుని ఒక గొప్ప కవిత వ్రాసిన ఆయన సంగతి ఈ వారం చెప్పుకుందాం.

ఆయన పేరు శామ్యూల్ టేలర్ కోల్‌రిడ్జ్. 1797 జూలై నాటికి ఆయనకు ఇంకా ఇరవై అయిదేళ్ళు నిండలేదు. ఇంగ్లండులో సోమర్సెట్ అనే ప్రాంతంలో, నెదర్ స్టోవీ అనే చిన్న ఊళ్ళో, భార్య సారాతోనూ ఏడాదైనా నిండని కొడుకుతోనూ చిన్న ఇంట్లో కాపురం. ఆ ఇంటికి అతిథులు దిగారు. కవి వర్డ్స్‌వర్త్, ఆయన చెల్లెలు డొరొతీ వచ్చారు. లండను నుంచి చిన్ననాటి స్నేహితుడు చార్లెస్ లాంబ్ వచ్చాడు. అంత చిన్న కొంపలో అంతమంది చేరితే వంటింటి అవస్థ ఎలా ఉంటుందో ఇల్లాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. వర్డ్స్‌వర్త్ వచ్చిన రెండోనాడు సారమ్మగారి చేతిలోని మరిగే పాలగిన్నె కాస్తా భర్తగారి పాదం మీద ఒలికింది. ఇంకేముంది! లాంబ్ ఉన్నన్నాళ్ళూ కవిగారు నాలుగడుగులు నడవలేకపోయారు.

ఒక సాయంత్రం అతిథులంతా కొండల మీదికి షికారు వెళ్ళారు. కవి ఒక్కడూ పొరుగున ఉన్న టామస్ పూల్ గారి తోటలో, చెట్టుకింద పొదరింట్లో కూలబడ్డాడు. అక్కడ పుట్టింది 'దిస్ లైమ్‌ట్రీ బవర్ మై ప్రిజన్' అనే కవిత. ఈ పొదరిల్లే నా చెరసాల అని దాని భావం. పేరులోని 'లైమ్' చూసి మన నిమ్మచెట్టు అనుకునేరు, కాదు. అది లిండెన్ అనే పెద్ద నీడచెట్టు. నిమ్మకాయలు కాయవు, పచ్చడికి పనికిరాదు.

కవిత అచ్చయింది 1800లో. దానికి ముందు రెండు మూడు వాక్యాల పీఠిక పెట్టాడు కవి. స్నేహితులు వచ్చిన రోజున ఏదో ప్రమాదం జరిగి నడవలేకపోయానని మాత్రమే అందులో ఉంది. పాలగిన్నె ఊసు లేదు, భార్య పేరు లేదు. ఆ రహస్యం స్నేహితుడు సదీకి వ్రాసిన ఉత్తరంలో బయటపడింది. పదిమంది చదివే పుస్తకంలో ఇల్లాలి పొరపాటు దాచినందుకైనా ఆయనను మెచ్చుకోవాలి.

ఇక కవితలోకి వెళదాం. అది మూడు భాగాలు. మొదటి భాగం అలకతో మొదలవుతుంది. అంతా వెళ్ళిపోయారు, నేను ఉండిపోయాను, కళ్ళతో చూసి దాచుకోవలసిన అందాలన్నీ పోగొట్టుకున్నాను అంటాడు. రెండు గంటల షికారుకు వెళ్ళిన మనుషులను మళ్ళీ ఎన్నడైనా కలుస్తానో లేదో అని కూడా అంటాడు! కాలి మంట అలా అనిపించింది కాబోలు. కాని, ఆ అలకలోనే మనసు మెల్లగా గడప దాటుతుంది. ఇప్పుడు వాళ్ళు కొండ అంచున నడుస్తూవుంటారు; ఇప్పుడు నేను చెప్పిన లోయలోకి దిగుతూవుంటారు; అక్కడ ఎండ సోకని చోట ఒక చెట్టు బండ నుంచి బండకు వంతెనలా ఒరిగివుంటుంది; గాలి తగలకపోయినా జలపాతం విసురుకు దాని ఆకులు వణుకుతూవుంటాయి. అలా ఒక్కొక్క అడుగే స్నేహితుల వెంట నడుస్తాడు. కాలు కదలదు, చూపు ఆగదు.

ఈ నడక మనకు కొత్త కాదు. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు చేసిందీ ఇదే. రామగిరి మీద కూర్చుని, తాను పోలేని దారి పొడుగునా ఏ కొండ ఉంది, ఏ నది ఉంది, ఏ ఊళ్ళో ఏ చెట్టు పూసింది అని మేఘానికి చెప్పుకుంటూ పోతాడు. కదలలేనివాడికే దారి బాగా కనబడుతుందేమో! అయితే ఒక భేదం ఉంది. యక్షుడు భార్య దగ్గరికి తన వేదనను పంపుకుంటున్నాడు. కోల్‌రిడ్జ్ స్నేహితుడి దగ్గరికి తన ఆనందాన్ని పంపుతున్నాడు.

రెండో భాగంలో ఆ సంగతి తేలుతుంది. స్నేహితులు లోయ దాటి పైకి వస్తారు. విశాలమైన ఆకాశం, పొలాలు, దూరాన సముద్రం, దానిమీద తెరచాప. అందరూ సంతోషిస్తారు గాని, అందరికంటే ఎక్కువ సంతోషించేది నా చార్లెస్ అంటాడు కవి. ఎందుకంటే ఎన్నో ఏళ్ళుగా మహానగరంలో బందీ అయి, ప్రకృతి కోసం ఆకలిగొని, కష్టాల మధ్య ఓర్పుతో నడిచి వచ్చినవాడు అతడు. అందుకని సూర్యుణ్ణీ మేఘాలనూ సముద్రాన్నీ పేరుపేరునా వేడుకుంటాడు: మీ వన్నెలన్నీ ఇప్పుడే చూపించండి, నా స్నేహితుడు చూస్తున్నాడు అని. పెళ్ళిచూపులనాడు తల్లి పిల్లను ముస్తాబు చేసినట్టు లేదూ?

ఆ కష్టాలేమిటో కవి వివరించలేదు. మనం తెలుసుకోవాలి. లాంబ్ బీదవాడు. లండనులో ఈస్టిండియా కంపెనీ కచేరీలో గుమాస్తా. 1611లో మన మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టిన ఆ కంపెనీయే. తేయాకు, నీలిమందు, బట్టలు, వాటి పద్దులు రాయడం అతని ఉద్యోగం. 1796 సెప్టెంబరులో ఒకనాడు అతని అక్క మేరీ, మతిస్థిమితం తప్పిన ఘడియలో, కన్నతల్లిని కత్తితో పొడిచి చంపింది. అప్పటికి లాంబ్ వయస్సు ఇరవై ఒకటి. అక్కను జీవితాంతం పిచ్చాసుపత్రిలో వదిలెయ్యమని చెప్పినవాళ్ళున్నారు. అతడు వదలలేదు. ఆమెకు తాను పూచీ అన్నాడు, పెళ్ళి చేసుకోలేదు, తుదిదాకా ఆ మాట నిలబెట్టుకున్నాడు. ఈ ఘోరం జరిగి పది నెలలైనా కాకుండా వచ్చిన అతిథి అతడు. కవి అంతగా ఆరాటపడటంలో ఆశ్చర్యమేముంది?

మూడో భాగంలో కవికి హఠాత్తుగా సంతోషం కలుగుతుంది. తానూ వాళ్ళతో ఉన్నట్టే ఉందంటాడు. అప్పుడు తన చుట్టూ చూసుకుంటాడు. ఎండ తాకి మెరిసే ఆకు, ఆ ఆకు మీద పై ఆకు నీడ, ముదురు రంగు తిరిగిన తీగ, చప్పుడు చెయ్యకుండా తిరిగే గబ్బిలం, చిక్కుడుపూలలో ఒంటరిగా పాడుకునే తుమ్మెద. ఇంతసేపూ ఇవన్నీ అక్కడే ఉన్నాయి. అలిగిన కంటికి కనపడలేదు. పరాయివాడి సంతోషం కోసం మనసు బయటికి పోయివచ్చిన తరువాతనే ఇంటి పెరడు కనపడింది. ఈ కవితకు ప్రాణం ఈ మలుపులో ఉందని నా నమ్మకం. చెరసాల తలుపు బయటినుంచి ఎవరూ తియ్యలేదు.

చివర సూర్యాస్తమయంలో ఒక పక్షి ఎగిరిపోతుంది. అది మన కాకిజాతిదే. నేను దీన్ని చూస్తున్నానే, అక్కడ కొండమీద నా చార్లెస్ కూడా దీన్ని చూస్తూవుంటాడు కదా అని కవి దాన్ని దీవిస్తాడు. మన ఇంటి గోడమీద కాకి అరిస్తే చుట్టం వస్తాడంటాం. ఆ కాకి కబురేమీ మోయలేదు. రెండు చూపులను కలిపింది, అంతే.

ఇంతవరకు కవి చెప్పింది. ఇక స్నేహితుడు ఏమన్నాడో వినండి.

కవితలో మూడుసార్లు లాంబ్‌ను మెత్తని మనసువాడా అని పిలిచాడు కోల్‌రిడ్జ్. అచ్చులో అది చూసి లాంబ్‌కు ఒళ్ళు మండింది. 1800 ఆగస్టులో వ్రాసిన ఉత్తరాల్లో, దేవుడి పేరు చెప్పి బతిమాలుతూ, నన్ను నవ్వులపాలు చెయ్యకు అన్నాడు. కావలిస్తే ఆ మాట కొట్టేసి నా తాగుడో, నా నత్తో, నాకు నిజంగా తగిన విశేషణమేదైనా పెట్టుకో అని హాస్యమాడాడు. కోల్‌రిడ్జ్ మాత్రం ఆ మాట తియ్యలేదు.

ఇక నగరంలో బందీ అన్న మాట చూడండి. 1801 జనవరిలో వర్డ్స్‌వర్త్ తమ కొండల ప్రాంతానికి రమ్మని పిలిస్తే లాంబ్ జవాబు వ్రాశాడు. మీ కొండలను ఈ జన్మలో చూడకపోయినా నాకు చింత లేదన్నాడు. లండను వీధులు, వెలిగే దుకాణాలు, బండ్లు, జనం, పాత పుస్తకాల అంగళ్ళు, చివరికి ఎండా బురదా కూడా తనకు ఎంత ప్రాణమో ఏకరువు పెట్టాడు. ఆ జనప్రవాహంలో నిలబడి, ఇంత జీవితమా అని ఆనందంతో కన్నీళ్ళు పెట్టుకుంటానన్నాడు. మరుసటి ఏడు అక్కతో కలిసి కెస్విక్ వెళ్ళి, కోల్‌రిడ్జ్ ఇంట్లో దిగి, స్కిడా కొండ ఎక్కి సంతోషించాడు. అయినా కాపురానికి లండనే మేలని తేల్చాడు.

అంటే కవి పొరపడ్డాడన్నమాట! తన ఆకలిని స్నేహితుడి ఆకలి అనుకున్నాడు.

ఈ మాట వ్రాస్తూవుంటే నాకు నా సంగతి జ్ఞాపకం వస్తోంది. మా ఊరు గోదావరి కాలవ గట్టున ఉంది. నాతో ఒకే బెంచీమీద చదువుకున్నవాడు నలభై ఏళ్ళుగా హైదరాబాదులో, చిక్కడపల్లిలో ఉంటున్నాడు. రెండేళ్ళ క్రితం వాడి భార్య పోయింది. పిల్లలు దూరదేశంలో ఉన్నారు. ఒక్కడూ ఆ మేడగదిలో, ఆ రొదలో ఎలా ఉంటాడని నా బెంగ. "ఒరే, వచ్చెయ్యి. మా పక్కవాటా ఖాళీగా ఉంది. పొద్దున్నే కాలవ, కొబ్బరితోటలు, చల్లగాలి" అని చెవినిల్లు కట్టుకుని పోరాను. రోజూ తెల్లవారగానే కాలవ ఫొటో తీసి వాడి ఫోనుకు పంపేవాణ్ణి. దండం బొమ్మ తప్ప జవాబుండేది కాదు. చివరికి ఒకనాడు గట్టిగా అడిగితే, "నన్ను వదిలెయ్యరా" అన్నాడు. నాకు కష్టం తోచింది. ఆరు నెలలు మాట్లాడలేదు.

మొన్న ఈ కవితా, ఆ ఉత్తరాలూ మళ్ళీ చదివి ఫోను చేశాను. "ఆదివారం ఏం చేస్తావురా?" అని అడిగాను. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎన్నడూ అడగలేదని అప్పుడు తెలిసింది. వాడు గంటసేపు చెప్పాడు. పొద్దున్నే ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు తిరగెయ్యడం, అక్కడనే ఎప్పుడూ ఇద్దరూ తాగే టీ ఇప్పుడు ఒక్కడూ తాగడం, టీకొట్టు కుర్రాడు ఇప్పటికీ పొరపాటున రెండు కప్పులు పెట్టడం. "ఆ రెండో కప్పు మీ కాలవగట్టున ఎవడు పెడతాడురా?" అన్నాడు. నేనేం జవాబు చెప్పను!

మరి కవి కవిత తప్పా? ఎంతమాత్రమూ కాదు. స్టోవీ నుంచి తిరిగి వెళ్ళిన లాంబ్ వెంటనే ఒక ఉత్తరం వ్రాశాడు. మీ ఇంట నేను ఎక్కువ మాట్లాడలేకపోయాను, అది ముభావం అనుకోవద్దు అని అందులో ఉంది. వీడ్కోలు వేళ మనసు మనసులో లేక పైకోటు అక్కడే మరిచిపోయానని, పంపించమని కూడా ఉంది. కోటు మరిచిపోయేటంతటి మనిషికి ఆ వారం రోజులు ఎంత చల్లని నీడ ఇచ్చాయో ఊహించవచ్చు. కొండలు ఇవ్వని నీడను, కాలు కాలి కూర్చుని తనకోసం సూర్యుణ్ణి వేడుకున్న స్నేహితుడు ఇచ్చాడు.

మధ్యలో 1798లో ఆ ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది, తరువాత సర్దుకున్నారు. ఒకరు పల్లెలనూ కొండలనూ పాడారు, ఒకరు 1825 దాకా కంపెనీ పద్దులు రాస్తూ ఎలియా అనే మారుపేరుతో నగరాన్ని వ్యాసాలలో పాడారు. కోల్‌రిడ్జ్ 1834 జూలైలో పోయాడు. ఆ దుఃఖం నుంచి లాంబ్ తేరుకోలేదు. అదే ఏడు డిసెంబరులో ఆయనా వెళ్ళిపోయాడు.

నేను కాలవ ఫొటోలు మానలేదు. అయితే ఇప్పుడు వారానికొకటే పంపుతున్నాను. ఆదివారం అటునుంచి కూడా ఒకటి వస్తోంది: పుస్తకాల గుట్ట పక్కన రెండు టీకప్పులు.