‘కాదు’ అన్న తర్వాత ఏమిటి?

రేషన్ కార్డు ఎందుకు పోయిందని అడిగితే ఒకప్పుడు డీలరు పేరో, గ్రామాధికారి పేరో చెప్పేవారు. ఇప్పుడు “కంప్యూటరు తీసేసింది” అంటున్నారు. పింఛను ఆగినా, పిల్లల ఫీజు డబ్బు పడకపోయినా అదే జవాబు. డీలరు మీద ఫిర్యాదు చెయ్యొచ్చు, అధికారి ముందు ధర్నా చెయ్యొచ్చు. కంప్యూటరుని ఎవరు నిలదీస్తారు?

నిజానికి కంప్యూటరు తనంతట తాను ఎవరినీ తీసెయ్యదు. ఎవరిని తీసెయ్యాలో ఒక మనిషి నియమం పెడతాడు. ఆ నియమాన్ని ఇంకొక మనిషి ప్రోగ్రాముగా రాస్తుంది లేదా రాస్తాడు. మొదటి మనిషితో పోరాడటం మనకి కొత్త కాదు. రెండో మనిషి గురించి మాత్రం మనం ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ ప్రోగ్రాము రాసేవాళ్లకి ఎక్కడ, ఏం నేర్పుతున్నారన్నది స్త్రీల హక్కుల కోసం పనిచేసే మనకి పట్టవలసిన విషయమని ఈ సంచికలో చెప్పదలచుకున్నాం.

హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న వీధుల నిండా సాఫ్ట్‌వేర్ శిక్షణ సంస్థల బోర్డులే. జావా, శాప్ లాంటి పేర్ల పక్కన టిబ్కో, మ్యూల్‌సాఫ్ట్ అన్న పేర్లూ కనిపిస్తాయి. జిల్లాల నుంచి వచ్చి, లేడీస్ హాస్టళ్లలో ఇరుకు గదులు పంచుకుంటూ, ఇంటి దగ్గర అప్పు చేసి తెచ్చిన డబ్బు ఫీజుగా కట్టి నేర్చుకునే అమ్మాయిలు అక్కడ ఎందరో. ఈ కోర్సుల్లో నేర్పేదాన్ని ‘ఇంటిగ్రేషన్’ అంటారు. వేర్వేరు కంప్యూటర్ వ్యవస్థలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చెయ్యడం, ఒక పని ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి మనిషి చెయ్యి పడకుండా నడిచేలా చెయ్యడం ఇందులో ముఖ్యం. దుకాణానికి ఆర్డరు వస్తే గోదాములో సరుకు ఉందో లేదో చూడటం, బిల్లు వెయ్యడం, లారీకి కబురు పంపడం, బ్యాంకు నుంచి డబ్బు రాబట్టడం అన్నీ వరసగా జరిగిపోవాలి. ఆ వరసకే ‘బిజినెస్ ప్రాసెస్’ అని పేరు.

ఇదంతా వ్యాపారుల గొడవ, మనకెందుకు అనిపించవచ్చు. కానీ ఇదే పద్ధతిలో ఇప్పుడు ప్రభుత్వాలు కూడా పనిచేస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత సంక్షేమ పథకాలకి ‘ఆరంచెల వడపోత’ పెట్టారు. భూమి, కరెంటు వాడకం, నాలుగు చక్రాల బండి, ఆదాయపు పన్ను, ప్రభుత్వోద్యోగం, పట్టణంలో ఇల్లు, ఇలా వేర్వేరు శాఖల దగ్గరున్న వివరాల్ని దరఖాస్తుదారు కుటుంబంతో సరిపోల్చి, అర్హత ఉందో లేదో తేల్చే పద్ధతి అది. నెలకి సగటున 300 యూనిట్లు దాటి కరెంటు కాలితే అనర్హులని ఒక నియమం. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అన్న వ్యవస్థ వివిధ శాఖల జాబితాల్లోని పేర్లనీ, చిరునామాలనీ పోల్చి, ఇవన్నీ ఒకే మనిషివని అంచనా కడుతుంది. రాష్ట్రంలో రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డుల విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇంటికి వెళ్లి విచారించకుండా, నోటీసు ఇవ్వకుండా, కంప్యూటరు లెక్కని బట్టి కార్డులు తీసేశారన్నది అక్కడి ఫిర్యాదు. వాటిని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది.

దొంగ కార్డులు పోవద్దా అని మనల్ని అడుగుతారు. పోవాల్సిందే. అయితే ఈ పోల్చడంలో దెబ్బ ముందుగా ఎవరికి తగులుతుందో చూడాలి. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం రేషన్ కార్డు విషయంలో ఇంటి పెద్ద ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీలలో పెద్దామె. అంటే కార్డు పోయిందంటే పోయింది ఒక స్త్రీ పేరు మీదున్న కార్డు. ఇంటిపేరు సంగతి సరేసరి. మగవాడికి పుట్టినప్పుడు పెట్టిన పేరు కాటికి పోయేదాకా ఒకటే. ఆడదానికి పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరు, రేషన్ కార్డులో అత్తింటి పేరు, బ్యాంకు పుస్తకంలో అసలు ఇంటిపేరే లేకపోవడం మామూలు. లక్ష్మి అన్న పేరుని ఇంగ్లీషులో ఒక గుమస్తా ‘ఎక్స్’ అక్షరంతో రాస్తాడు, ఇంకొకాయన ‘కె, ఎస్, హెచ్’ అక్షరాలతో రాస్తాడు. పల్లెలో అందరికీ ఆమె ఒక్కతే లక్ష్మమ్మ. కంప్యూటరుకి మాత్రం ఇద్దరు, ముగ్గురు. ఒక్కోసారి దీనికి తిరగబడి, ఇద్దరు వేర్వేరు లక్ష్ములు ఒకే మనిషిగా తేలుతారు. ఎవరిదో పొలం ఈమె లెక్కలోకి వచ్చిపడుతుంది.

ఇంటి విషయమూ అంతే. మామగారి పేరున్న ఒకే మీటరు మీద మూడు కాపురాలు నడుస్తుంటే, వాటిలో ఒక మూల గదిలో ఉంటున్న వితంతువు కూడా 300 యూనిట్లు కాల్చినట్టే లెక్క. భర్త వదిలేసి పదేళ్లయినా కాగితాల్లో ఆమె ఇంకా అతని కుటుంబమే అయితే, అతను కొనుక్కున్న కారు ఆమె పింఛనుకి అడ్డం వస్తుంది. కుటుంబం అంటే ఒక మగవాడు, అతని వెనకాల మిగతావాళ్లు అన్న పాత పితృస్వామ్య భావనే కొత్త యంత్రంలో గళ్లుగా, గీతలుగా కూర్చుని ఉంది.

ఇప్పుడు శిక్షణ దగ్గరికి వద్దాం. వ్యాపార ప్రక్రియలు రాయడానికి ‘బీపెల్’ అనే ఒక భాష ఉంది. 2007లో దాన్ని అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదించారు. ఆ ప్రమాణ పత్రంలోనే నేర్చుకునేవాళ్ల కోసం బ్యాంకు అప్పు ఉదాహరణ ఒకటి ఉంది. దరఖాస్తు వస్తుంది. మొత్తం తక్కువై, ముప్పు తక్కువని తేలితే వెంటనే మంజూరు. లేకపోతే ఇంకో చోట పరిశీలన. చివరికి ఖాతాదారుకి వెళ్లే సమాధానం రెండే రకాలు: అప్పు మంజూరైంది, లేదా తిరస్కరించబడింది. ఎందుకు తిరస్కరించారు, ఎవరిని అడగాలి, తప్పయితే ఎలా దిద్దుకోవాలి అన్నవి ఆ పాఠంలో లేవు. ఇంకో విశేషం ఏమిటంటే, 2007 నాటి ఆ ప్రమాణంలో మనిషి చెయ్యవలసిన పనికి ప్రత్యేకంగా చోటు లేదు. కంప్యూటర్లు కంప్యూటర్లతో మాట్లాడుకోవడమే అందులో ఉంది. మధ్యలో మనిషి ఆగి, చూసి, ఆలోచించే మెట్టుని విడిగా ఇంకో అనుబంధంగా తర్వాత చేర్చవలసి వచ్చింది.

అలాగని ఈ విద్యలో జాగ్రత్త లేదని కాదు. చాలా ఉంది. ఒక కంప్యూటరు పంపిన కబురు ఇంకో కంప్యూటరుకి చేరకపోతే దాన్ని పారెయ్యరు, పక్కన పెడతారు. ఆ పక్కన పెట్టే చోటుకి ‘డెడ్ లెటర్’ అని, చిరునామా దొరకని ఉత్తరాల్ని తపాలా శాఖ దాచే పద్ధతి నుంచి పేరు పెట్టుకున్నారు. ఒక్క ఆర్డరు కూడా పోకూడదు, పోతే వ్యాపారికి నష్టం. అందుకని మళ్లీ ప్రయత్నించడం, జరిగిన పనిని వెనక్కి తిప్పడం, అధికారికి హెచ్చరిక పంపడం అన్నీ విద్యార్థులకి శ్రద్ధగా నేర్పుతారు.

మరి మన లక్ష్మమ్మ ఎక్కడ తప్పిపోతోంది? అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ జాగ్రత్తలన్నీ యంత్రం పాడైనప్పటి కోసం. లక్ష్మమ్మ విషయంలో యంత్రం పాడవలేదు. దరఖాస్తు చేరింది, పోలిక జరిగింది, ‘కాదు’ అన్న సమాధానం వచ్చింది. ప్రోగ్రాము దృష్టిలో పని విజయవంతంగా ముగిసింది. తప్పుడు తిరస్కరణ అక్కడ తప్పుగా నమోదు కాదు, పూర్తయిన పనిగా నమోదవుతుంది. ఏ డబ్బాలోనూ ఆమె ఉత్తరం దాచి ఉండదు. ఆమె కాళ్లరిగేలా సచివాలయం చుట్టూ, మండలాఫీసు చుట్టూ తిరగడం ఏ లెక్కలోకీ రాదు.

ఇది మన దేశపు వెనకబాటుతనం అనుకోవద్దు. ఆస్ట్రేలియాలో 2016 నుంచి ఇలాంటి పనే చేశారు. పన్నుల శాఖ దగ్గరున్న ఏడాది ఆదాయాన్ని పక్షాల కింద సమానంగా భాగించి, సంక్షేమ శాఖకి జనం పక్షానికొకసారి చెప్పుకున్న ఆదాయంతో పోల్చారు. ఒక నెల పని దొరికి ఇంకో నెల దొరకని వాళ్ల ఆదాయం అలా సమానంగా ఉండదు కదా. అయినా తేడా వచ్చిన వాళ్లందరికీ మీరు ప్రభుత్వానికి బాకీ పడ్డారని నోటీసులు వెళ్లాయి. బాకీ లేదని నిరూపించుకునే భారం బీదవాళ్ల మీదే పడింది. ఆ పద్ధతి చట్టవిరుద్ధమని 2019లో ప్రభుత్వమే ఒప్పుకోవలసి వచ్చింది. 2023 జూలైలో రాయల్ కమిషన్ దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. రెండు శాఖల కంప్యూటర్లని కలిపినంత మాత్రాన న్యాయం కుదరదని డబ్బున్న దేశం కూడా ఆలస్యంగానే తెలుసుకుంది.

ఈ నేరాన్ని అమీర్‌పేట అమ్మాయిల మీద వేసే ఉద్దేశం మాకు ఎంతమాత్రం లేదు. వాళ్లకి నియమం పైనుంచి వస్తుంది, గడువు నెత్తిన ఉంటుంది, ఉద్యోగం పోతే అప్పు తీరదు. పైగా సాఫ్ట్‌వేర్ రంగంలోనూ ఆడపిల్లల్ని ‘నీకు టెస్టింగ్ అయితే తేలిక, ఇంటికి వేళకి పోవచ్చు’ అని ఒక పక్కకి నెట్టడం వింటూనే ఉన్నాం. వ్యవస్థ ఎలా ఉండాలో నిర్ణయించే గదిలో వాళ్ల సంఖ్య పలచబడుతుంది. అయితే తేలికని చెప్పి వాళ్లకి అప్పగించిన ఆ టెస్టింగులో ఒక శక్తి ఉంది. ప్రోగ్రాము బయటికి వెళ్లే ముందు, ఇలాంటి మనిషి వస్తే ఏమవుతుంది అని ఊహించి పరీక్ష రాసేది వాళ్లే. ఆ పరీక్షలో పెళ్లితో ఇంటిపేరు మారిన స్త్రీ ఉందా? భర్త వదిలేసిన స్త్రీ ఉందా? వేలిముద్ర అరిగిపోయిన కూలీ ఉందా? లేకపోతే, వాళ్లు ప్రోగ్రాములో లేనట్టే.

ఆ ఉదాహరణలు ఎవరి దగ్గర ఉన్నాయి? మన దగ్గర ఉన్నాయి. ప్రతి మహిళా సంఘం ఆఫీసులో, ప్రతి సలహా కేంద్రం రిజిస్టరులో ఇలాంటివి పదుల కొద్దీ ఉన్నాయి. వాటిని ఇప్పటిదాకా అర్జీలుగా మాత్రమే వాడాం. పేర్లూ గుర్తులూ తీసేసి, ఏం జరిగిందో, ఏ కాగితంతో ఏ కాగితం కలవలేదో రాసి పెడితే అవే పరీక్ష ప్రశ్నలవుతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు జరిగాయి. మస్టరు రోలు గ్రామసభలో చదివి వినిపిస్తే, పనికి రానివాడి పేరు ఎలా వచ్చిందని కూలీ స్త్రీలే లేచి అడిగారు. మస్టరు రోలు చదివించినట్టే ఈ నియమాలనీ చదివించాలి. ఏ శాఖ జాబితాతో పోలుస్తున్నారు, పేరు ఎంతవరకు కలిస్తే ఒకే మనిషి అంటున్నారు, అన్నవి గ్రామసభలో తెలుగులో చెప్పాలి.

దీనికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను, తన నిర్ణయాలకి కారణాలేమిటో వాటివల్ల ప్రభావితమైన వాళ్లకి ప్రభుత్వ సంస్థ చెప్పాలంటోంది. నోటీసు ఇవ్వకుండా, వాదన వినకుండా హక్కు తీసెయ్యకూడదన్నది సహజ న్యాయం. కారణం చెప్పని ప్రోగ్రాము, నోటీసు పంపని ప్రోగ్రాము చూడటానికి ఎంత చక్కగా నడుస్తున్నా సగం రాసిన ప్రోగ్రామే. ఈ మాట శిక్షణలో మొదటి వారమే చెప్పాలి.

కాబట్టి మేం కోరేది ఇది. ప్రభుత్వాలకి పనిచేసే కంపెనీలూ, ఇంజనీరింగ్ కాలేజీలూ, శిక్షణ సంస్థలూ ‘అవును’ అన్న దారి ఎంత శ్రద్ధగా నేర్పుతాయో ‘కాదు’ అన్న దారీ అంత శ్రద్ధగా నేర్పాలి. ప్రతి తిరస్కరణ తర్వాత తెలుగులో కారణం, విచారించే ఒక మనిషి, తేల్చడానికి ఒక గడువు, తేలేదాకా పాత హక్కు కొనసాగడం, ఈ నాలుగూ గీసిన బొమ్మలో ఉండాలి. ఎన్ని తిరస్కరణలు తర్వాత తప్పని తేలాయో లెక్క ఉండాలి, ఆ లెక్క బయటపెట్టాలి. టెండరు పిలిచేటప్పుడే ఈ షరతులు రాయాలి.

మన వైపు నుంచి కూడా చెయ్యవలసింది ఉంది. 1983లో 498-ఎ వచ్చిన తర్వాత, చట్టం పుస్తకంలో ఉంటే చాలదని మనకి త్వరలోనే అర్థమైంది. ఎఫ్ఐఆర్ చదవడం నేర్చుకున్నాం. స్టవ్ పేలిందన్న మాట వెనక ఏముందో తెలుసుకోవడానికి పోస్టుమార్టం రిపోర్టు చదవడం నేర్చుకున్నాం. అవి మనకి రావని, అవి నిపుణుల పనులని అప్పుడూ అన్నారు. ఈ గళ్లూ బాణాలూ అంతకంటే కష్టమైనవి కావు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే మన అక్కచెల్లెళ్లని సమావేశాలకి పిలుద్దాం. బొమ్మ గీసి చూపించమందాం. ‘కాదు’ అన్న బాణం కొస దగ్గర ఖాళీ ఉంటే, అక్కడ ఎవరు నిలబడి ఉన్నారో మనం చెబుదాం.